“కాస్త ఆగండి” అన్న మాటకు కాగితం అడిగాం: ఒక స్కూల్ పేపర్ కేసు

మా స్కూల్ పేపర్లో, అంటే పిల్లలే నడిపే పత్రికలో, తాగే నీళ్ల గురించి రాసిన ఒక స్టోరీ దాదాపు రెండు వారాలు ఆగిపోయింది. ఆ రెండు వారాల్లో ఎవ్వరూ “ఇది వేయొద్దు” అని ఒక్కసారి కూడా అనలేదు. “కాస్త ఆగండి” అన్నారు, “చూస్తున్నాం” అన్నారు, “వచ్చే నెల ఇంకా బాగా వేయొచ్చు కదా” అన్నారు, ఒకరోజు అకౌంట్స్ వాళ్లు “సంతకానికి పంపాం, ఇంకా రాలేదు” అన్నారు. విద్యార్థి జర్నలిస్టుల స్వేచ్ఛ గురించి మాట్లాడేటప్పుడు మనకి పేపర్లు తగలబెట్టడం, ఎడిటర్‌ని తీసేయడం లాంటివి గుర్తొస్తాయి కానీ, నేను చూసినంతలో ఎక్కువ స్టోరీలు చచ్చిపోయేది ఇలా వాయిదాల వల్లే. అందుకే ఈ కేసు మొత్తం, నా తప్పులతో సహా, రాసి పెడుతున్నాను.

నేను కాలిఫోర్నియాలో ఒక పబ్లిక్ హైస్కూల్లో ఇంగ్లిష్, జర్నలిజం చెప్తాను, స్కూల్ పేపర్‌కి అడ్వైజర్‌ని. టీచింగ్‌లోకి రాకముందు కొన్నేళ్లు రిపోర్టర్‌గా చేశాను. స్కూల్ పేరు, పిల్లల పేర్లు, ఆఫీసువాళ్ల పేర్లు రాయను, గుర్తుపట్టే వీలున్న చిన్న చిన్న వివరాలు కూడా మార్చాను. ఇది తెలుగులో ఎందుకంటే మా స్టాఫ్‌లో ప్రతి ఏడాదీ ఇద్దరు ముగ్గురు తెలుగు పిల్లలుంటారు, వాళ్ల అమ్మానాన్నలు నన్ను అడిగే ప్రశ్నలకి ఇంగ్లిష్‌లో దొరికే సమాధానాలు సరిపోవడం లేదు.

స్టోరీ ఎలా మొదలైందంటే

జిమ్ పక్కన గోడకి ఒక నీళ్ల ఫౌంటెన్ ఉంది. సెప్టెంబర్లో ఒకరోజు దానికి నల్ల ప్లాస్టిక్ కవరు తొడిగి, చుట్టూ టేపు వేసేశారు. కాగితం లేదు, “పనిచేయడం లేదు” అన్న బోర్డు కూడా లేదు. మా రిపోర్టర్లలో ఒకమ్మాయి, పదకొండో తరగతి, రోజూ వాలీబాల్ ప్రాక్టీస్ అయ్యాక అక్కడే సీసా నింపుకునేది. ఊడ్చే ఆయన్ని అడిగితే “రిపేరు” అన్నాడు. నాలుగు రోజుల తర్వాత సైన్స్ బ్లాక్‌లో ఇంకో ఫౌంటెన్‌కి కూడా అదే నల్ల కవరు కనిపించేసరికి, ఆ అమ్మాయి క్లాసుకొచ్చి “మేడమ్, రెండూ ఒకేసారి ఎలా పాడవుతాయి?” అంది.

అప్పటికి నాకు గుర్తున్నది ఇది. కాలిఫోర్నియాలో 2017లో వచ్చిన ఒక చట్టం ప్రకారం 2010కి ముందు కట్టిన పబ్లిక్ స్కూళ్లలో తాగే నీళ్లలో సీసం ఎంతుందో పరీక్షించాలి, 2019 జులై 1 లోపు. బిలియన్ భాగాల్లో 15 భాగాలు దాటితే ఆ కుళాయి ఆపేయాలి, తల్లిదండ్రులకి చెప్పాలి. మా బిల్డింగ్ పాతదే. కాబట్టి రిపేరు కాకుండా ఇంకేదైనా కావచ్చు అన్న అనుమానం రావడంలో తప్పులేదు, కానీ అనుమానంతో స్టోరీ అవదు.

పిల్లలు రాష్ట్ర పబ్లిక్ రికార్డుల చట్టం కింద స్కూల్ డిస్ట్రిక్ట్‌కి, అంటే మా ప్రాంతంలో పబ్లిక్ స్కూళ్లని నడిపే సంస్థకి, ఒక అభ్యర్థన పెట్టారు. గత రెండేళ్లలో మా స్కూల్లో జరిగిన నీటి పరీక్షల ల్యాబ్ రిపోర్టులు అడిగారు, అంతే. ఆ చట్టం ప్రకారం పది రోజుల్లో రికార్డులు ఇవ్వొచ్చో లేదో తేల్చి చెప్పాలి, కొన్ని కారణాలకి ఇంకో పద్నాలుగు రోజులు పొడిగించుకోవచ్చు. వీళ్లు పొడిగించుకున్నారు. ఇరవై మూడో రోజున ఒక పీడీఎఫ్ వచ్చింది, నాలుగు పేజీలు. ఒక ఫౌంటెన్ దగ్గర లీటరుకు 0.022 మిల్లీగ్రాములు, ఇంకోదాని దగ్గర 0.031. అంటే బిలియన్ భాగాల్లో 22, 31, హద్దు 15. శాంపిల్ తీసిన తేదీ మే నెలలోది. నల్ల కవరు పడింది సెప్టెంబర్లో. మధ్యలో సమ్మర్ స్కూల్ నడిచింది.

పిల్లలు తల్లిదండ్రులకి వెళ్లిన మెసేజ్‌లన్నీ వెతికారు, స్కూల్ వెబ్‌సైట్ చూశారు, పదిహేనుమంది పేరెంట్స్‌ని అడిగారు. నీళ్ల గురించి ఎవరికీ ఏమీ రాలేదు.

మొదటి డ్రాఫ్ట్‌లో ఏం తీసేశాం

మొదటి డ్రాఫ్ట్‌లో కథనం మొదలయ్యే వాక్యం “డిస్ట్రిక్ట్ నాలుగు నెలలు నిజాన్ని దాచింది, చట్టాన్ని ఉల్లంఘించింది” అని ఉంది. కోపంతో రాసిన వాక్యం, ఆ కోపం నాకూ వచ్చింది. కానీ నేను రెండే ప్రశ్నలడిగాను. “దాచింది” అని నీకెలా తెలుసు? ఏ చట్టం, ఏ సెక్షన్?

కూర్చుని చదివితే తేలిందేంటంటే, తల్లిదండ్రులకి చెప్పాలన్న నిబంధన 2019 గడువుతో ఉన్న ఆ పరీక్షల కార్యక్రమానికి సంబంధించింది. మే నెలలో జరిగింది డిస్ట్రిక్ట్ తనంతట తాను చేయించిన పరీక్ష. దానికి కూడా ఆ నిబంధన వర్తిస్తుందని మేం ఖాయంగా చెప్పలేకపోయాం. కాబట్టి “ఉల్లంఘించింది” పోయింది. “దాచింది” అంటే ఒక మనిషి మనసులో ఉన్న ఉద్దేశం గురించి చెప్పినట్టు, దానికి మా దగ్గర కాగితం లేదు. అదీ పోయింది. మిగిలింది తేదీలు. మే నెలలో శాంపిల్, జూన్‌లో ల్యాబ్ రిపోర్టు, సెప్టెంబర్లో కవరు, మధ్యలో పేరెంట్స్‌కి ఏ మెసేజ్ వెళ్లినట్టు మాకు దొరకలేదు. ఈ నాలుగూ వరసగా పెడితే చదివేవాడికి వేరే విశేషణం అక్కర్లేదు.

ఇది మంచి జర్నలిజం కోసం మాత్రమే చేసిన పని అనుకోవద్దు, రక్షణ కూడా ఇదే. కాలిఫోర్నియా ఎడ్యుకేషన్ కోడ్‌లో 48907 అనే సెక్షన్ 1977 నుంచి ఉంది. పబ్లిక్ స్కూల్ పిల్లలకి పత్రికా స్వేచ్ఛ ఉంది అని అది నేరుగా చెప్తుంది, స్కూల్ డబ్బుతో నడిచే పేపరైనా, క్లాసులో భాగంగా తయారయ్యే పేపరైనా సరే. ఆపగలిగేది కొన్నింటినే: అశ్లీలం, పరువునష్టం కలిగించేవి, స్కూల్లో చట్టవిరుద్ధమైన పనులకో రూల్స్ ఉల్లంఘనకో స్కూలు నడవకుండా గట్టిగా ఆటంకానికో వెంటనే దారితీసేలా రెచ్చగొట్టేవి. ఈ గీత లోపలికి రాకుండా చూసుకుంటే ఆఫీసు చేతిలో ఆపడానికి ఏమీ ఉండదు. 1988లో కాలిఫోర్నియా అప్పీల్ కోర్టు ఒక స్కూల్ పేపర్ కేసులో చెప్పింది కూడా ఇదే కోవలోది: ఈ చట్టం విద్యార్థులకి ఎక్కువ రక్షణ ఇస్తుంది, అయితే నిజంగా పరువునష్టం దావాకి దారితీసే విషయాన్ని స్కూలు ముందే ఆపొచ్చు. అంటే మేం “దాచింది” అన్న ఒక్క మాట ఉంచేసి ఉంటే, మిగతా స్టోరీ మొత్తాన్ని ఆపే తాళంచెవి మేమే వాళ్ల చేతికిచ్చినట్టు.

నేను చేసిన మొదటి తప్పు

బుధవారం నాడు పిల్లలు వివరణ కోరుతూ ప్రిన్సిపాల్‌కి, డిస్ట్రిక్ట్‌లో బిల్డింగ్‌లు చూసే ఆఫీసుకీ ఈమెయిల్ పెట్టారు. పది ప్రశ్నలు, గడువు సోమవారం సాయంత్రం. ఆ మధ్యాహ్నమే ప్రిన్సిపాల్ నాకు ఫోన్ చేసి, రేపు ఒకసారి వచ్చి మాట్లాడమన్నారు. నేను వెళ్లాను, ఒక్కదాన్నే.

అదే తప్పు. ఆ స్టోరీ నాది కాదు, చట్టం హక్కు ఇచ్చింది పిల్లలకి. నేను ఒక్కదాన్నే వెళ్లేసరికి అది జీతం ఇచ్చే ఆఫీసు, జీతం తీసుకునే టీచర్ మధ్య సంభాషణ అయిపోయింది. ఆయన చెడ్డమనిషి కాదు, ఈ మాట మనస్ఫూర్తిగా చెప్తున్నా. నిజంగానే టెన్షన్‌లో ఉన్నారు. పేరెంట్స్ భయపడిపోతారు, స్కూల్ బోర్డు మీటింగ్ దగ్గర్లో ఉంది, పైపులు మార్చే కాంట్రాక్టు మాటల్లో ఉంది, నెల ఆగితే “సమస్య, పరిష్కారం రెండూ” ఉన్న స్టోరీ అవుతుంది అన్నారు. పేజీలు ఒకసారి చూపించమన్నారు. “సుప్రీంకోర్టు మాకు ఆ అధికారం ఇచ్చింది కదా” అని కూడా అన్నారు.

ఆయన అన్నది హేజల్‌వుడ్ కేసు గురించి, అది ఒకసారి చెప్పుకోవాలి. 1983 మే నెలలో మిస్సోరీలో సెయింట్ లూయిస్ దగ్గర హేజల్‌వుడ్ ఈస్ట్ హైస్కూల్లో ‘స్పెక్ట్రమ్’ అనే స్టూడెంట్ పేపర్ నుంచి ప్రిన్సిపాల్ రెండు పేజీలు మొత్తంగా తీసేయించారు. ఆ పేజీల్లో గర్భం వచ్చిన విద్యార్థినుల గురించి ఒక కథనం, తల్లిదండ్రుల విడాకుల గురించి ఒక కథనం ఉన్నాయి. పిల్లలు కోర్టుకెళ్లారు. 1988 జనవరి 13న సుప్రీంకోర్టు 5-3 తేడాతో స్కూలు పక్షాన తీర్పు చెప్పింది. చదువుకి సంబంధించిన సహేతుకమైన కారణం ఉంటే స్కూలు నడిపే పేపర్‌ని స్కూలు అదుపు చేయొచ్చు అంది. అంతకు ముందు 1969లో, వియత్నాం యుద్ధానికి నిరసనగా నల్ల బ్యాండ్లు కట్టుకొచ్చిన పిల్లల కేసులో ఇదే కోర్టు 7-2తో విద్యార్థుల పక్షాన నిలబడింది. ఆ టింకర్ తీర్పు ప్రకారం చదువుకి గట్టి ఆటంకం కలుగుతుందని స్కూలు చూపించాలి. హేజల్‌వుడ్ దగ్గరికొచ్చేసరికి ఆ బరువు చాలా తేలికైపోయింది.

కానీ ఫెడరల్ కోర్టు చెప్పేది కనీస రక్షణ, రాష్ట్రం అంతకంటే ఎక్కువ ఇవ్వొచ్చు. కాలిఫోర్నియా హేజల్‌వుడ్‌కి పదకొండేళ్ల ముందే ఇచ్చింది. ఆ తర్వాత మసాచుసెట్స్, అయోవా, కొలరాడో, కాన్సస్ లాంటి రాష్ట్రాలు, 2015లో నార్త్ డకోటా, 2016లో ఇల్లినాయ్, మేరీల్యాండ్, 2018లో వాషింగ్టన్, 2021లో న్యూజెర్సీ ఇలాంటి చట్టాలు చేసుకున్నాయి. టెక్సస్‌లో నేనిది రాసే నాటికి లేదు. డాలస్‌లో ఉన్న మన పిల్లాడికీ, న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉన్న మన పిల్లాడికీ ఒకే స్టోరీ మీద వేరు వేరు హక్కులున్నాయన్నమాట. ఇది చాలామంది తల్లిదండ్రులకి తెలియదు. ఇలాంటి చట్టం లేక హేజల్‌వుడ్ తీర్పే నడిచే రాష్ట్రాల్లో కూడా అంతా అయిపోయినట్టు కాదు, మిషిగన్‌లో బస్సుల డీజిల్ పొగ గురించి రాసిన స్టోరీని స్కూలు తీసేయిస్తే, 2004లో అక్కడి ఫెడరల్ జడ్జి హేజల్‌వుడ్ కొలతతో చూసినా అది చెల్లదని చెప్పారు. స్టోరీ పక్కాగా ఉంది, ఆపడానికి స్కూలు చెప్పిన కారణాలు నిలబడలేదు.

ఇవన్నీ ఆ రోజు ఆయన ముందు చెప్పి ఉండాల్సింది. నేను చెప్పలేదు. “పిల్లలతో మాట్లాడి చెప్తాను” అని బయటికొచ్చేశాను. పైగా శుక్రవారం, శని, ఆదివారాలు పిల్లలకి చెప్పకుండా నాలో నేనే నలిగిపోయాను. సోమవారం క్లాసులో చెప్పినప్పుడు ఎడిటర్ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. కోపం కాదు. “మీరు మాకు గురువారమే ఎందుకు చెప్పలేదు మేడమ్?” అని మామూలుగా అడిగింది. నా దగ్గర మంచి సమాధానం లేదు.

ఐదు లైన్ల ఈమెయిల్

సోమవారం క్లాసులో ముందు వాళ్లు చేసిన పని స్టూడెంట్ ప్రెస్ లా సెంటర్‌కి రాయడం. 1974 నుంచి ఉన్న సంస్థ, విద్యార్థి జర్నలిస్టులకి ఉచితంగా న్యాయ సహాయం చేస్తుంది, ప్రశ్న పంపితే లాయరే మాట్లాడతారు. మా ఎడిటర్ ఫోన్‌లో ఇరవై నిమిషాలు మాట్లాడింది, నేను గది బయట కూర్చున్నాను.

తర్వాత ప్రిన్సిపాల్‌కి ఈమెయిల్ రాసింది. మొదటి డ్రాఫ్ట్ పేజీన్నర వచ్చింది, ప్రజాస్వామ్యం, పిల్లల ఆరోగ్యం అన్నీ ఉన్నాయి. కొట్టేస్తూ కొట్టేస్తూ ఐదు లైన్లకి తెచ్చింది. దాని సారాంశం ఇది: స్టోరీని ఆపమని మీరు అడ్వైజర్‌ని అడిగినట్టు తెలిసింది. సెక్షన్ 48907 ప్రకారం ఆపడానికి కారణం చూపే బాధ్యత స్కూలుది, అదీ ఆలస్యం లేకుండా, ఆపకముందే. ఆ సెక్షన్లో ఉన్న మినహాయింపుల్లో ఏది మా స్టోరీకి వర్తిస్తుందో, ఏ వాక్యానికి వర్తిస్తుందో రాతపూర్వకంగా గురువారం సాయంత్రం ఐదింటిలోపు చెప్పండి. తప్పు ఉంటే దిద్దుకుంటాం. వివరణ ఇస్తే మొత్తం వేస్తాం.

చట్టంలో ఆ ఒక్క మాటే మాకు అన్నిటికంటే పనికొచ్చింది, కారణం చూపే బరువు వాళ్లది అన్న మాట. అప్పటిదాకా వేయడం ఎందుకు అవసరమో మేం ఒప్పించాలి అన్నట్టుగా నడిచింది వ్యవహారం. ఈమెయిల్ వెళ్లాక ఆపడం ఎందుకు అవసరమో వాళ్లు రాయాల్సి వచ్చింది. నోటితో “పేరెంట్స్ భయపడతారు” అనడం తేలిక. అదే మాట కాగితం మీద పెట్టి కింద సంతకం చేయమంటే ఎవరైనా ఒక క్షణం ఆగుతారు, ఎందుకంటే పేరెంట్స్ భయపడటం అన్నది ఆ మినహాయింపుల్లో ఎక్కడా లేదు.

ఆ రాత్రి ఒక నాన్నగారి ఫోన్

ఈమెయిల్‌కి రిపోర్టర్ల పేర్లూ జత చేశారు. సోమవారం రాత్రి తొమ్మిదిన్నరకి వాలీబాల్ అమ్మాయి వాళ్ల నాన్నగారు ఫోన్ చేశారు.

“మేడమ్ గారూ, ఏమీ అనుకోవద్దు. పాప వచ్చే ఏడాది కాలేజీలకి అప్లై చేయాలి. కౌన్సెలర్ లెటర్ ఇచ్చేది ఆ స్కూలే కదండీ. పైగా మేం ఇంకా గ్రీన్‌కార్డు లైన్లోనే ఉన్నాం. మాలాంటివాళ్లకి ఈ గొడవలు ఎందుకండీ?”

ఆ భయాన్ని కొట్టిపారేయడం నా వల్ల కాదు. నేనూ ఆ లైన్లో చాలా ఏళ్లు నిలబడినదాన్నే. ఆయనకి రెండు విషయాలు చెప్పాను. ఆ చట్టం హక్కు ఇచ్చింది పబ్లిక్ స్కూల్ విద్యార్థులకి, పౌరసత్వం అడగదు. రెండోది, మీ అమ్మాయికి ఇష్టమైతే బైలైన్, అంటే స్టోరీ మీద వేసే పేరు, తీసేసి “స్టాఫ్ రిపోర్ట్” అని వేసుకోవచ్చు, అది పిరికితనం అని మా క్లాసులో ఎవరూ అనుకోరు. ఏమీ కాదు అని మాత్రం హామీ ఇవ్వలేదు, ఇవ్వలేను కూడా. ఏదైనా జరిగితే తేదీ, టైముతో రాసి పెట్టుకోండి, నేను పక్కన నిలబడతాను అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. “ఒకసారి పాపతో కూర్చుంటాను” అని పెట్టేశారు.

పదకొండున్నరకి మళ్లీ ఫోన్. ఈసారి అమ్మాయి. గొంతు వణుకుతోంది. “మేడమ్, నాన్న గ్రాఫిక్ చూశారు. యూనిట్ తప్పు వేశాం.”

ఆయన ఒక ఫార్మా కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తారట. కూతురు ల్యాప్‌టాప్‌లో పేజీ చూపిస్తే ఆయన కథనం చదవకముందే బొమ్మ కింద అంకెల దగ్గర ఆగిపోయి, “ఇదేంటమ్మా, లీటరుకి 22 మిల్లీగ్రాములా? రిపోర్టులో ఎంతుంది?” అన్నారట. రిపోర్టులో 0.022 మిల్లీగ్రాములు, అంటే 22 మైక్రోగ్రాములు. కథనంలో సరిగ్గానే ఉంది, గ్రాఫిక్ చేసిన పిల్లాడు 22 పక్కన మిల్లీగ్రాములు అని కొట్టేశాడు. వెయ్యి రెట్ల తేడా. ఇద్దరు ఎడిటర్లు, నేను, ముగ్గురం చూశాం, ముగ్గురి కళ్లూ దాటిపోయింది.

అది అచ్చయి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. “పిల్లలకి లెక్కలు రావు, స్కూలుని బజారుకీడ్చారు” అన్న ఒక్క మాటతో మొత్తం స్టోరీ కొట్టుకుపోయేది, మే నుంచి సెప్టెంబర్ దాకా ఏం జరిగిందని ఎవరూ అడగరు. ప్రచురణకి ముందు పేజీలు బయటివాళ్లకి చూపించకూడదని మా నియమం. ఆ రాత్రి ఆ నియమం తప్పింది, మంచికే తప్పింది. ఇప్పుడు మా దగ్గర అంకెలున్న ప్రతి స్టోరీకి, ఆ స్టోరీ రాయని ఒకరు అసలు కాగితం పక్కన పెట్టుకుని అంకెలొక్కటే సరిచూస్తారు.

మర్నాడు అమ్మాయి బైలైన్ ఉంచమంది. “నాన్న ఏమన్నారు?” అన్నాను. “తప్పు లేకుండా రాస్తే భయం లేదన్నారు మేడమ్.”

సంతకం రాని పర్చేజ్ ఆర్డర్

ప్రింటర్‌కి ఫైల్ మంగళవారం వెళ్లాలి. దానికి ప్రతి నెలా ఒక పర్చేజ్ ఆర్డర్, అంటే ప్రింటింగ్ ఖర్చుకి స్కూలు ఒప్పుకున్నట్టు చూపే కాగితం, ఉంటుంది, మామూలుగా నేను పంపిన మర్నాటికి సంతకం అయిపోయి వచ్చేస్తుంది. ఈసారి రాలేదు. అకౌంట్స్‌లో అడిగితే సంతకానికి వెళ్లిందన్నారు. ఎవరూ ఆపమని చెప్పలేదు, ఎవరూ సంతకం పెట్టలేదు. మంగళవారం దాటిపోయింది.

ఇక్కడ పిల్లల మధ్య పెద్ద చర్చ జరిగింది. వెబ్‌సైట్ పాస్‌వర్డ్ వాళ్ల దగ్గరే ఉంది, ఒక్క బటన్ నొక్కితే స్టోరీ బయటికెళ్తుంది. సగం మంది వెంటనే పెట్టేద్దామన్నారు. ఎడిటర్ మాత్రం, మనమే గురువారం ఐదింటిదాకా గడువిచ్చాం, మన మాట మనం దాటితే రేపు వాళ్ల ఆలస్యం గురించి మాట్లాడే నోరు మనకి ఉండదు, శుక్రవారం పొద్దున ఏడింటికి మాత్రం పెట్టేస్తాం అంది. నన్నడిగితే రెండూ సరైన నిర్ణయాలే అనేదాన్ని, అందుకే ఏమీ అనకుండా కూర్చున్నాను. అడ్వైజర్‌కి నోరు మూసుకోవడం అన్నిటికంటే కష్టమైన పని.

బుధవారం ప్రిన్సిపాల్ ఆఫీసు నుంచి ఎడిటర్‌కి ఫోన్. రాత కాదు, ఫోనే. స్టోరీలో ఒక బాస్కెట్‌బాల్ ఆటగాడు “నేను రెండేళ్లుగా రోజూ ఆ నీళ్లే తాగాను, మొన్న డాక్టర్ దగ్గర రక్తపరీక్ష చేయించుకున్నాను” అని చెప్పిన మాట ఉంది. దాంతో విద్యార్థి రికార్డుల గోప్యత చట్టం, ఫెర్పా, ఉల్లంఘన అవుతుందన్నారు.

ఈ ఫెర్పా అన్నది స్కూల్ పేపర్ల విషయంలో విపరీతంగా వాడే ఆయుధం కాబట్టి కాస్త ఆగి చెప్తాను. 1974లో వచ్చిన చట్టం అది. స్కూలు తన దగ్గరున్న విద్యార్థుల రికార్డులని అనుమతి లేకుండా బయటపెట్టకూడదు అని చెప్తుంది. కట్టిపడేసేది స్కూలుని. ఒక కుర్రాడు తన రక్తపరీక్ష గురించి తానే ఒక రిపోర్టర్‌కి చెప్తే అక్కడ స్కూల్ రికార్డే లేదు. మా పిల్లలు ఆ అబ్బాయి దగ్గరా, వాళ్లమ్మగారి దగ్గరా రాతపూర్వకంగా ఒప్పుకోలు కూడా తీసుకున్నారు. చట్టం అడగకపోయినా, ఆరోగ్యం విషయం కాబట్టి తీసుకోవడం మర్యాద.

ఎడిటర్ ఫోన్‌లో వాదించలేదు. “సరేనండీ, మీరు చెప్పింది నేను అర్థం చేసుకున్నట్టు రాసి పంపుతాను, తప్పుంటే దిద్దండి” అని పెట్టేసి, పది నిమిషాల్లో ఈమెయిల్ పంపింది. మీరు ఈ టైముకి ఫోన్ చేసి ఈ వాక్యానికి ఈ చట్టం అడ్డొస్తుందన్నారు, ఇదేనా మీ రాతపూర్వక కారణం? జవాబు రాలేదు. ఈ పద్ధతి నాకు చాలా నచ్చింది. నోటిమాటని మర్యాదగా కాగితం మీదికి తెచ్చే దారి ఇంతకంటే మంచిది నాకు తెలియదు.

గురువారం సాయంత్రం బోర్డు మీటింగ్. కాలిఫోర్నియాలో బ్రౌన్ యాక్ట్ అని 1953 నుంచి ఒక చట్టం ఉంది, స్కూల్ బోర్డు లాంటి సంస్థల మీటింగులు బహిరంగంగా జరగాలి, జనం మాట్లాడే అవకాశం ఇవ్వాలి. మా దగ్గర మనిషికి మూడు నిమిషాలు. ఐదింటిదాకా రాత రాలేదు. ఏడింటికి ఎడిటర్ లేచి నిలబడి, నీళ్ల గురించి ఒక్క మాట కూడా మాట్లాడకుండా, ఐదు లైన్ల ఈమెయిల్ చదివింది, ఏ రోజు ఏం జవాబు వచ్చిందో తేదీలు చదివింది, స్టోరీ రేపు పొద్దున ఏడింటికి వెబ్‌సైట్లో వస్తుందని చెప్పి కూర్చుంది. మూడు నిమిషాల్లో ఇంకా నలభై సెకన్లు మిగిలాయి. వెనక వరసలో వాలీబాల్ అమ్మాయి పక్కన వాళ్ల నాన్నగారు ఆఫీసు బ్యాడ్జ్ మెళ్లో వేసుకునే వచ్చేశారు.

రాత్రి పదిన్నరకి డిస్ట్రిక్ట్ నుంచి ఎడిటర్‌కి ఈమెయిల్ వచ్చింది. అభ్యంతరం లేదు, దయచేసి ఈ వివరణ చేర్చండి అని రెండు పేరాలు. అందులో మా దగ్గర లేని సమాచారం ఒకటి ఉంది: జూన్‌లో రిపోర్టు వచ్చినప్పుడు అది చూడాల్సిన ఉద్యోగం ఖాళీగా ఉందట, ఆగస్టు చివర కొత్త మనిషి చేరాకే ఎవరో తెరిచి చూశారట. “దాచింది” అని రాసి ఉంటే ఎంత తప్పయ్యేదో అప్పుడు మా అందరికీ ఒకేసారి అర్థమైంది. పిల్లలు రాత్రి ఒంటిగంటదాకా కూర్చుని ఆ వివరణని కథనంలో పైకి, నాలుగో పేరాలోకి తెచ్చారు. పొద్దున ఏడింటికి వెబ్‌సైట్లో వచ్చింది. శుక్రవారం మధ్యాహ్నం పర్చేజ్ ఆర్డర్ సంతకమైంది. పేపర్ మంగళవారం చేతికొచ్చింది, వారం ఆలస్యంగా.

తర్వాత

మరుసటి వారం స్కూలు పేరెంట్స్‌కి ఉత్తరం పంపింది. రెండు ఫౌంటెన్లు తీసేసి కొత్తవి పెట్టారు, వాటి పక్కన పరీక్ష తేదీ ఉన్న స్టిక్కర్ అంటించారు. ప్రిన్సిపాల్‌తో నా సంబంధం పాడవలేదు, అయితే మునుపటిలా లేదు. డిసెంబర్లో ఒకరోజు స్టాఫ్ రూమ్‌లో ఒకరు “వచ్చే ఏడాది మీకు జర్నలిజం బదులు ఇంకో ఇంగ్లిష్ సెక్షన్ ఇస్తారేమో” అని మాటవరసకి అన్నారు. తేదీ రాసుకున్నాను. అదే 48907లో, విద్యార్థుల హక్కు కాపాడినందుకు టీచర్‌ని బదిలీ చేయడం, శిక్షించడం కుదరదన్న నిబంధన 2009 జనవరి నుంచి ఉంది. జర్నలిజం క్లాసు నాకే ఉంది.

వెనక్కి తిరిగి చూస్తే నాకు ఇంకో లోటు కనిపిస్తుంది. ఆ సెక్షన్ ప్రకారం ప్రతి బోర్డూ విద్యార్థి పత్రికల మీద రాతపూర్వకమైన నియమావళి పెట్టుకోవాలి. మా బోర్డుకీ ఉంది. నేను ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తెరిచి చదవలేదు. గొడవ మధ్యలో ఎడిటరే వెతికి పట్టుకొచ్చింది, దాంట్లో కూడా రాష్ట్ర చట్టంలో ఉన్న మినహాయింపులే ఉన్నాయి, “పేరెంట్స్ భయపడితే” అని ఎక్కడా లేదు. అది సెప్టెంబర్లోనే ప్రిన్సిపాల్ టేబుల్ మీద పెట్టి, ఇద్దరం కూర్చుని చదివి ఉంటే ఆయనకీ ఇంత టెన్షన్ ఉండేది కాదు. ఇప్పుడు స్కూలు తెరిచిన మొదటి వారంలో ఎడిటర్లు, ప్రిన్సిపాల్, నేను కలిసి ఆ కాగితం చదువుతున్నాం. పదిహేను నిమిషాల పని.

ఆ ఎడిటర్ కాలేజీకి వెళ్లిపోయింది. వాలీబాల్ అమ్మాయి ఇప్పుడు ఎడిటర్. గత నెలలో ఆమె డిస్ట్రిక్ట్‌లో మిగతా స్కూళ్ల నీటి పరీక్షల రిపోర్టులు కూడా ఇవ్వమని కొత్త అభ్యర్థన పెట్టింది, ఈసారి కూడా డిస్ట్రిక్ట్ పద్నాలుగు రోజుల పొడిగింపు తీసుకుంది. ఆ గడువు వచ్చే మంగళవారంతో అయిపోతుంది.